అర పుట్టి ధాన్యం: ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల క్రైస్తవ సంఘాలకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన సంఘకాపరులకు, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజాల, యౌవన సమాజాల సభ్యులకు,

ప్రభువు నామమున వందనాలు.

నేను ముప్ఫై మూడేళ్ళు ప్రభుత్వ పాఠశాలల్లో పనిచేశాను. అందులో ఎక్కువ కాలం కనిగిరి, పామూరు, వెలిగండ్ల మండలాల్లోనే గడిచింది. పదవీ విరమణ తరువాత ఒంగోలులో ఉంటున్నాను. మా తాత కాలం నుంచీ మాది బాప్టిస్టు కుటుంబం. ఈ ఉత్తరం మా సంఘ కమిటీకి మాత్రమే ఇచ్చి ఊరుకోవచ్చు. కాని నేను అడగబోయేది, ఒక్కొక్క సంఘం రైతు దగ్గర అర పుట్టి, అంటే సుమారు 425 కిలోల ధాన్యం కొని, వేసవి సెలవుల్లో బడి పిల్లలకు అన్నం పెట్టడం. ఇది ఒక్క సంఘం చేస్తే తీరే పని కాదు, నాలుగు గోడల మధ్య కమిటీ సమావేశంలో చదివి పక్కన పెట్టదగినదీ కాదు. అందుకే అందరూ చదివేటట్టు రాస్తున్నాను.

ముందుగా బడిలో చూసిన ఒక సంగతి చెప్పాలి. మా పాఠశాలలో మధ్యాహ్న భోజనం వండే ఆవిడ సోమవారం నాడు మిగతా రోజులకంటే కాస్త ఎక్కువ బియ్యం పోసేది. హాజరు పట్టీలో పిల్లల సంఖ్య మాత్రం మారేది కాదు. కొత్తగా ప్రధానోపాధ్యాయుడినైన ఉత్సాహంలో నేను దీన్ని వృథాగా భావించి, కొంచెం గట్టిగానే అడిగాను. "ఆదివారం ఇంటికాడ సరిగ్గా తినరు సారూ, సోమారం ఆకలి వేరేగా ఉంటది" అంది ఆవిడ. ఆ తరువాత నేను వడ్డన దగ్గర నిలబడి చూశాను. మంగళవారం రెండోసారి పెట్టించుకోని పిల్లలు సోమవారం మూడోసారి కూడా కంచం చాపేవారు. ఆ ప్రాంతంలో సంక్రాంతి వెళ్ళగానే తల్లిదండ్రులు మిరపకోతలకు గుంటూరు, పల్నాడు వైపు, కొందరు భవనాల పనికి హైదరాబాదు, బెంగళూరు వెళ్ళిపోతారు. పిల్లలు నాయనమ్మల దగ్గర, అమ్మమ్మల దగ్గర ఉంటారు. ఆ ముసలివాళ్ళు పింఛను డబ్బులతో, రేషను బియ్యంతో ఇల్లు గడుపుతారు. బియ్యం ఉంటుంది, కాని బియ్యంతో పాటు కంచంలో ఉండవలసిన పప్పు, గుడ్డు, ఆకుకూర ఉండవు. ఆకలి అంటే మన కళ్ళకు కట్టే ఎముకల గూడు కాదని, పచ్చడి మెతుకులతో కడుపు నింపుకుని ఆడుకుంటున్న పిల్లవాడిలో కూడా అది ఉంటుందని నాకు ఆ సోమవారాలు నేర్పాయి.

ఒక్క ఆదివారానికే ఇట్లా ఉంటే వేసవి సెలవుల సంగతి వేరే చెప్పనక్కరలేదు. 2025లో మన రాష్ట్రంలో బడులు ఏప్రిల్ 24న మూసి జూన్ 12న తెరిచారు. మధ్యలో 49 రోజులు. బడి నడిచే రోజుల్లో ప్రభుత్వం చేస్తున్నది తక్కువేమీ కాదు, దాన్ని తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. వండిన అన్నమే పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించిన తరువాత, మన రాష్ట్రంలో 2003 నుంచి బడిలో పొయ్యి వెలుగుతూనే ఉంది. ఇప్పుడు గుడ్డు ఉంది, చిక్కీ ఉంది, రాగి జావ ఉంది. ఆ పథకానికి ఇప్పుడున్న పేరు డొక్కా సీతమ్మ గారిది. గోదావరి లంకల్లో, వేళ కాని వేళ వచ్చినవారిని సైతం కులమేదని అడగకుండా అన్నం పెట్టి పంపిన ఆ తల్లి మన మతస్థురాలు కాదు. ఆ మాట ఇక్కడ ఎందుకు చెబుతున్నానో మున్ముందు తెలుస్తుంది. నేను చెప్పేదల్లా, బడి గంట మోగని రోజున ఆ పొయ్యి వెలగదు అన్నదే. ఆ ఖాళీ మన సంఘాలు పూడ్చగలిగినంత పరిమాణంలో ఉంది. అది కొండంత పని కాదు. ఎంత పనో లెక్క కట్టి చూపిస్తాను.

అంతకు ముందు, ఇప్పుడు మనం చేస్తున్నది ఏమిటో నిజాయితీగా ఒప్పుకుందాం. క్రిస్మస్‌కు బిర్యానీ వండి వాడవాడంతా పిలుస్తాం. మంచిదే. ఈస్టరుకు మరోసారి. ఎవరో దాత పుట్టినరోజున పండ్లు, బ్రెడ్డు పంచుతాం, పంచినంతసేపూ ఫొటోలు తీస్తాం. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు చెబితే, మన ఎడమచేతిలో ఫోను ఉంటుంది. కొన్నేళ్ళ క్రితం ఒకచోట, ఊరి పేరు, సంఘం పేరు చెప్పను, పిల్లలను వరుసగా నిలబెట్టి కంఠత వాక్యం చెప్పినవారికే పొట్లం ఇస్తుంటే చూశాను. మూడో తరగతి చదివే ఒక పిల్లవాడికి వాక్యం రాలేదు. వాడు వరుసలోంచి తప్పుకుని చివరికి వెళ్ళి, ముందువాళ్ళు చెబుతున్నది వింటూ పెదవులు కదుపుతూ మళ్ళీ ముందుకొచ్చాడు. వాడికి పొట్లం దొరికింది. నేను మాత్రం ఆ పూట అక్కడ భోజనం చేయలేకపోయాను. పంచుతున్నవారు చెడ్డవారు కారు, వారిలో నా స్నేహితులూ ఉన్నారు. అన్నానికి అడ్డంగా నిలబెట్టిన వాక్యం అన్నానికీ వాక్యానికీ కూడా మర్యాద కాదన్న సంగతి వారికి తట్టలేదు, అంతే.

ఇట్లా మాట్లాడితే కొత్తగా ఏదో చెబుతున్నాడని కొందరు అనుకోవచ్చు. కొత్త కాదు, ఇది ఈ రెండు జిల్లాల్లో మన సంఘాలకు పునాది వేసినవారి పద్ధతే. 1840లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే దొర నెల్లూరు వచ్చారు. చాలా ఏళ్ళు ఫలితం లేదు, అమెరికాలోని మిషను వారు ఈ పని మూసేద్దామా అని కూడా ఆలోచించారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీలైన జ్యూయెట్ దంపతులు, మరి ముగ్గురు తెలుగువారు ఒంగోలు కొండ మీద మోకరించి ప్రార్థించిన కథ మన సండే స్కూలు పిల్లలకు కూడా తెలుసు. ఆ ప్రార్థనకు జవాబుగా వచ్చినవాడని మనం చెప్పుకునే జాన్ క్లౌ దొర 1866లో నెల్లూరు నుంచి ఒంగోలు చేరారు. ఆయన గురించి మనం ప్రతి ఏడూ చెప్పుకునేది 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మందికి జరిగిన బాప్తిస్మం. ఆ అంకె చెప్పేటప్పుడు మన గొంతు పెరుగుతుంది. దానికి ముందు జరిగిన రెండేళ్ళ సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఒక్క వాక్యంతో దాటేస్తాం.

ఆ రెండేళ్ళూ ధాత నామ సంవత్సరంలో మొదలైన ధాత కరువు. 1876లో వానలు మొహం చాటేశాయి. మద్రాసు ప్రభుత్వం కరువు పనుల కింద బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తున్నది. యౌవనంలో అమెరికాలో భూముల సర్వే పని చేసిన అనుభవం ఉన్న క్లౌ దొర, ఊరికే గంజి పోయించడంతో సరిపెట్టుకోకుండా, ఆ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకానికి గుత్త తీసుకున్నారు. సంఘ బోధకులే మేస్త్రీలయ్యారు. పారా పట్టగలిగిన వాడికి పారా, గంప మోయగలిగిన ఆమెకు గంప ఇచ్చి, చేసిన పనికి కూలి చేతిలో పెట్టారు. ఏ కులమని గాని, ఏ దేవుడని గాని అడగలేదు. నేను మీ ముందుకు తేవాలనుకున్న అసలు విషయం దీని తరువాతది. ఆ కరువు కాలంలో, సహాయం అందుతున్న దాదాపు పదిహేను నెలలపాటు, బాప్తిస్మం ఇమ్మని వచ్చినవారిని కూడా ఆయన ఆపి ఉంచారు. అన్నం కోసం వచ్చారన్న మాట పడకూడదని, అంతకంటే ముఖ్యంగా అన్నం కోసమే రావలసిన దుస్థితిలో ఎవరినీ ఆ మాట అడగకూడదని. సహాయం ముగిసి, ఇక పంచడానికి చేతిలో ఏమీ లేని నాడు గుండ్లకమ్మ ఒడ్డున తలుపు తెరిచారు. అయినా కరువే వాళ్ళను తెచ్చిందని వాదించేవారు ఆనాడూ ఉన్నారు, ఈనాడూ ఉన్నారు. వారితో నాకు పేచీ లేదు. కాని అన్నాన్నీ బాప్తిస్మాన్నీ వేరువేరుగా ఉంచడానికి పదిహేను నెలలు ఓర్చుకున్న మనిషి వారసులం, పదిహేను నిమిషాలు ఓర్చుకోలేక వరుసలో పిల్లలతో వాక్యం చెప్పిస్తున్నామంటే అది మన కాపరులు కూర్చుని మాట్లాడుకోవలసిన విషయమే.

ఆ చరిత్రలో రెండో పాఠం కూడా ఉంది, అది రైతుకు సంబంధించినది. దొర చేసింది దానం కాదు, కొనుగోలు. మనుషుల శ్రమను కొన్నారు, కూలి ఇచ్చారు. ఈ రోజు మనం పిల్లలకు పెట్టే అన్నం ఎక్కడి నుంచి వస్తున్నది? పట్నంలో హోల్‌సేలు కొట్లో ఇరవై ఆరు కిలోల బస్తా కొంటున్నాం. ఆ కొట్టుకు కిలోమీటరు దూరంలో మన సంఘ సభ్యుడే ధాన్యం కుప్ప మీద పట్టా కప్పుకుని కొనేవాడి కోసం ఎదురుచూస్తుంటాడు. మన కోత పండుగ గుర్తు చేసుకోండి. సభ్యులు తెచ్చిన గుమ్మడికాయ, పొట్లకాయ, కోడిపుంజు, అరటిగెల గుడిలో వేలం వేస్తాం. ఉద్యోగస్థులు పోటీపడి పాడితే యాభై రూపాయల గుమ్మడికాయ రెండువేలకు పోతుంది. చప్పట్లు కొడతాం. ఆ డబ్బు సంఘానికి వెళ్తుంది, తప్పు లేదు. అదే రైతు సోమవారం నాడు మిగతా పంట బండి మీద వేసుకుని మార్కెట్టుకు వెళ్తే, ఆదివారం రెండువేలు పాడిన చెయ్యే కిలోకు రెండు రూపాయలు తగ్గించమని బేరమాడుతుంది. ఇందులో నా చెయ్యి కూడా ఉంది, కాబట్టి కోపం తెచ్చుకోకండి.

ఇప్పుడు లెక్కకు వస్తాను. లెక్కల మాస్టారిని, ఓపిక పట్టండి. ఒక వాడలో నలభైమంది పిల్లలు అనుకుందాం. బడి భోజనంలో చిన్నపిల్లలకు 100 గ్రాములు, ఆరు నుంచి ఎనిమిది తరగతుల వారికి 150 గ్రాముల బియ్యం కొలత. పెద్ద కొలతే అందరికీ పెట్టుకుంటే రోజుకు ఆరు కిలోలు, 49 రోజులకు 294 కిలోలు. క్వింటాలు ధాన్యానికి 67 కిలోల బియ్యం అన్న ప్రభుత్వ లెక్కను బట్టి దీనికి కావలసిన ధాన్యం సుమారు 440 కిలోలు. నెల్లూరు పుట్టి 850 కిలోలు కాబట్టి అర పుట్టికి పదిహేను కిలోలు పైన. 2025-26 సీజనుకు సాధారణ రకానికి మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. ఆ ధర పెడితే అయ్యేది పదివేల నాలుగు వందల పైచిలుకు. పప్పు తలకు 30 గ్రాములు వేసుకుంటే 59 కిలోలు. అందుకు 85 కిలోల కందులు కావాలి. అదే సీజను మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయల చొప్పున 6,800. వారానికి మూడు గుడ్లయితే ఏడు వారాలకు 840 గుడ్లు. నూనె, కూరగాయలు, మర ఖర్చు, వంట కూలి వేరే. అన్నీ కలుపుకున్నా, మధ్యతరహా సంఘం ఒకటి డిసెంబరు నెలలో దీపాలకు, స్టేజీకి, ఫ్లెక్సీలకు, మైకు సెట్టుకు పెట్టే ఖర్చు పక్కన దీన్ని పెట్టి చూడమని మీ కోశాధికారులను అడుగుతున్నాను. ఆ అంకె వారికే తెలుసు, నేను ఊహించి చెప్పను.

అర పుట్టి ధాన్యమంటే ఒక ఎకరంలో పండే పంటలో చిన్న వాటా. ఒక సన్నకారు రైతు దగ్గర అర పుట్టి కొన్నంత మాత్రాన అతని అప్పు తీరదని నాకు తెలుసు. కాని రెండు జిల్లాల్లో ఎన్ని సంఘాలున్నాయో మీకు తెలుసు. ఒక్కొక్క సంఘం అర పుట్టి వడ్లు, ఒక బస్తా కందులు, ఒక బస్తా కొర్రలు, రెండు బస్తాల వేరుశనగ కాయ కొంటానని నాటు వేసే ముందే చెబితే, ఆ మాటకు పొలంలో విలువ ఉంటుంది. రైతును ముంచేది ధర తక్కువ కావడమొక్కటే కాదు, ధర ఏమవుతుందో తెలియకపోవడం. 2025లో నల్ల బర్లీ పొగాకు వేసినవారిని చూశాం. అంతకుముందు ఏటి ధర చూసి వేశారు, కొనేవారు వెనక్కి తగ్గారు, చివరికి ప్రభుత్వం పంటలు కొనే సహకార సంస్థ మార్క్‌ఫెడ్‌ను రంగంలోకి దించవలసి వచ్చింది. వెల్లంపల్లి అంటే మన సంఘాలకు గుండ్లకమ్మ రేవు. రైతులకు మాత్రం అది పొగాకు వేలం కేంద్రం. ఆ రెండు వెల్లంపల్లులూ ఒకటే ఊరని మనం ఎప్పుడైనా ఒకే ప్రసంగంలో చెప్పామా? పొగాకు మానెయ్యండి, కొర్రలు వెయ్యండి అని వేదిక మీద నుంచి చెప్పడం తేలిక. మానేసి కొర్రలు వేసినవాడి కొర్రలు కొనడం కష్టం. పడమటి మండలాల్లో కొర్ర, సజ్జ, వరిగ తిన్న తరం ఇంకా బతికే ఉంది. వారానికి రెండు రోజులు కొర్రన్నం, పొద్దున రాగి జావ పెడితే పిల్లలకూ మంచిది, వానకు ఎదురుచూసే చేలకూ మంచిది.

కొనడంలో కొన్ని మెలకువలు చెప్పాలి, ఎందుకంటే మంచి మనసుతో తెలియని పని చేస్తే రైతు నష్టపోతాడు, పిల్లల కడుపు పాడవుతుంది. మన నెల్లూరు వైపు కోతలు ఎక్కువగా మార్చి, ఏప్రిల్ నెలల్లో పడతాయి. ఆ ధాన్యాన్ని వెంటనే మర పట్టించి మే నెలలో వండితే అన్నం ముద్దవుతుంది, పిల్లలు తినరు. కాబట్టి ఈ ఏడు కొన్నది వచ్చే వేసవికి వాడాలి. అంటే ప్రతి సంఘానికి ఒక గాదె కావాలి, ఒక ఏడాది ముందుచూపు కావాలి. రెండోది, ఆరబెట్టే చోటు. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. కళ్ళం లేని కౌలు రైతు రోడ్డు మీద ఆరబోసుకుంటాడు, లేదా పచ్చి ధాన్యం వచ్చిన ధరకు దళారీకి ఇచ్చేస్తాడు, తరుగు పేరుతో తూకంలో మరికొంత పోగొట్టుకుంటాడు. మన చర్చి ఆవరణలు చాలాచోట్ల సిమెంటు చేసి ఉన్నాయి. వారంలో ఆరు రోజులు వాటి మీద ఎండ తప్ప ఎవరూ ఉండరు. సోమవారం నుంచి శనివారం దాకా ఆ గచ్చు మీద వడ్లు ఎండనివ్వండి. ఆదివారం నాడు వడ్ల వాసన ఉన్న ఆవరణలో ఆరాధన చేయడం ఎవరికైనా ఇబ్బంది అయితే, బోయజు పొలంలో ఏరుకున్న పరిగెతోనే రూతు వంశం నిలబడిందని కాపరులు గుర్తు చేయవచ్చు.

గాదె అనగానే మీకు యోసేపు గుర్తుకొస్తాడు. నాకూ గుర్తొచ్చాడు. కాని ఆ కథ మనం సగంలోనే ఆపేస్తుంటాం. ఏడేళ్ళు కూడబెట్టిన ధాన్యాన్ని కరువులో ఊరికే ఇవ్వలేదు. ముందు జనం డబ్బు, తరువాత పశువులు, ఆఖరికి భూములు ఫరో చేతికి వెళ్ళాయి. ఆదికాండము 47వ అధ్యాయం మరోసారి చదవండి. సంఘం గాదె పెట్టుకుంటే, విత్తనాలకు అప్పు తీసుకున్న సభ్యుడి దగ్గర ఆ గాదె ఎట్లా ప్రవర్తిస్తుందో ముందే రాసి పెట్టుకోవాలి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను నారుమళ్ళను ముంచినప్పుడు రెండోసారి నారు పోయడానికి విత్తనం కోసం వడ్డీకి తెచ్చుకున్నవారు మన బెంచీల మీదే కూర్చుంటున్నారు. అటువంటి వేళకు గాదెలో కొంత విత్తనం వేరుగా ఉంచి, పంట వచ్చాక తీసుకున్నంతే తిరిగి కొలిచేటట్టు నియమం పెట్టవచ్చు.

కౌలు సంగతి ఇంకా సున్నితమైనది. మన సంఘాల్లో భూమి ఉన్న ఉపాధ్యాయులు, ఉద్యోగులు, విదేశాల్లో పిల్లలున్నవారు చాలామంది పొలాలు కౌలుకిస్తారు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం పదకొండు నెలల ఒప్పందం మీద యజమాని సంతకం చేస్తేనే కౌలుదారుకు కార్డు వస్తుంది. కార్డు లేకపోతే బ్యాంకు పంట రుణం దొరకడం కష్టం, పంట పోయినప్పుడు పరిహారం తన పేరున రావడం కష్టం. సంతకం పెడితే పొలం పోతుందని మన భయం. ఆ చట్టంలో యాజమాన్య హక్కు కదలదని స్పష్టంగా ఉన్నా భయం పోదు. ఇది నేను ఎవరినో ఎత్తిపొడవడానికి చెప్పడం లేదు. కావలి దగ్గర మా అమ్మ తరఫున వచ్చిన ఎకరం ముప్ఫై సెంట్ల మాగాణి నాకుంది. దాన్ని సాగు చేసే మనిషి మూడేళ్ళు వరుసగా కాగితం పట్టుకుని ఒంగోలు వచ్చాడు. మూడేళ్ళూ "చూద్దాంలే" అన్నాను. మూడేళ్ళూ సంఘంలో పేదల కోసం ప్రార్థన చేయమంటే లేచి చేశాను. సంతకం పెట్టింది నిరుడు. నా పొలం ఎక్కడికీ పోలేదు. పిల్లల భోజనానికి వెయ్యి రూపాయలు ఇచ్చే భూస్వామి సభ్యుడి కంటే, కౌలు కాగితం మీద సంతకం పెట్టే సభ్యుడు ఎక్కువ మంది పిల్లలకు అన్నం పెడతాడని నా నమ్మకం. ఈ మాట కాపరులు వేదిక మీద నుంచి చెప్పాలి, పేర్లు చెప్పకుండానే చెప్పవచ్చు.

వంట విషయం. బడిలో వండే ఆవిడలకు నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనం, బడి మూసిన రోజుల్లో అదీ ఉండదు. మన స్త్రీల సమాజం వారు ప్రేమతో వండగలరు, సందేహం లేదు. అయినా ఆ ఏడు వారాలూ వీరినే పిలిచి కూలి ఇచ్చి వండించమని నా మనవి. నలభైమందికి ఉప్పు ఎంత పడుతుందో వారికి చేతికొలత. ఏ పిల్లవాడు సోమవారం ఎంత తింటాడో కూడా తెలుసు. స్త్రీల సమాజానికి వేరే పని ఉంది. మా అమ్మ పొద్దునా సాయంత్రం ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి దేవుని కుండలో వేసేది, ఆదివారం ఆ కుండ గుడికి తెచ్చేది. కరెంటు కుక్కర్లు వచ్చాక ఆ కుండ మా ఇంట్లోనూ పోయింది. పిడికెడు బియ్యం మళ్ళీ మొదలుపెట్టగలిగేది వాళ్ళే. విదేశాల నుంచి వచ్చే నిధుల మీద ఆధారపడ్డ పిల్లల కార్యక్రమాలు అనుమతులు రద్దయిన నాడు ఎట్లా ఆగిపోయాయో మనం చూశాం. పిడికెడు బియ్యానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

కొందరు పెద్దలు అనబోయే మాటలు నాకు తెలుసు. మన పని సువార్త, అన్నం పెట్టడం ప్రభుత్వం పని అంటారు. అపొస్తలుల కాలంలో సంఘంలో మొట్టమొదటి తగవు దిన ప్రతి ఆహారం పంచడం దగ్గర, పరభాష మాట్లాడే విధవరాండ్రను చిన్నచూపు చూశారనే వచ్చింది. దాన్ని తీర్చడానికి ఆత్మతో నిండిన ఏడుగురిని ఎన్నుకున్నారు తప్ప అది మన పని కాదని పంపించేయలేదు. ఇంకొందరు, పిల్లలకు అన్నం పెడితే మతం మారుస్తున్నారని గొడవ చేస్తారు, ఎందుకు వచ్చిన తంటా అంటారు. ఆ భయం నిజమైనదే. దానికి విరుగుడు దాచుకోవడం కాదు, బాహాటంగా చేయడం. భోజనం చర్చి లోపల కాకుండా వీలైతే బడి ఆవరణలో గాని, పంచాయతీ వారు చూపిన చోట గాని పెట్టండి. కమిటీలో ఆ బడి ప్రధానోపాధ్యాయుణ్ణి, పంచాయతీ నుంచి ఒకరిని, రామాలయం పెద్దలు వస్తామంటే వారినీ, మసీదు పెద్దలనూ చేర్చుకోండి. కొన్న ధాన్యం, ఇచ్చిన ధర, తిన్న పిల్లల సంఖ్య గోడ మీద సున్నం బోర్డుపై రాయండి. అన్నం ముందు మౌనంగా ఎవరి దేవునికి వారు దండం పెట్టుకోనివ్వండి. పాట, వాక్యం, కరపత్రం, బ్యానరు, దాత ఫొటో ఏవీ వద్దు. సువార్త చెప్పుకోవడానికి మనకు ఆదివారాలున్నాయి, వీధి కూడికలున్నాయి, వచ్చేవాళ్ళు వస్తారు. సీతమ్మ గారి ఇంట్లో తిన్నవారిని ఎవరూ ఏ దేవుడని అడగలేదు. ఆ మర్యాద మన అరుగు మీద అంతకంటే తక్కువ కాకూడదు.

మొత్తం రెండు జిల్లాల్లో ఒకేసారి మొదలుపెట్టమని నేను అడగడం లేదు. ఈ వేసవికి పది సంఘాలు ముందుకు వస్తే చాలు: పడమట కనిగిరి, పొదిలి, మార్కాపురం వైపు నుంచి సగం, తూర్పున ఒంగోలు, కావలి, నెల్లూరు వైపు నుంచి సగం. తూర్పు సంఘాల దగ్గర వరి ఉంది, డబ్బు కూడా కాస్త ఎక్కువ. పడమట కందులు, కొర్రలు, వేరుశనగ ఉన్నాయి, వలస వెళ్ళిన ఇళ్ళ పిల్లలున్నారు. ఇక్కడి వడ్లు అక్కడికి, అక్కడి కందులు ఇక్కడికి మారితే రెండువైపులా రైతుకూ గిరాకీ దొరుకుతుంది. మొదటి ఏడాది పాత బియ్యం ఎట్లాగూ ఉండదు కాబట్టి, ఈ సారికి కొత్త ధాన్యం ఇచ్చి దానికి తగ్గ పాత బియ్యం మార్చుకునేందుకు ఊళ్ళో మర యజమానితో మాట్లాడుకోవచ్చు. చిన్న మరల వాళ్ళు ఒప్పుకుంటారు, ఇద్దరిని నేను అడిగి చూశాను. ధర విషయంలో మాత్రం మద్దతు ధరకు పైసా తగ్గవద్దు, తూకంలో తరుగు తీయవద్దు, డబ్బు అదే రోజు చేతిలో పెట్టండి.

నా వంతుగా మొదటి అర పుట్టి నేను నా పింఛనులోంచి కొంటున్నాను, నా సంతకం కోసం మూడేళ్ళు తిరిగిన ఆ మనిషి దగ్గరే. అతను మన సంఘ సభ్యుడు కాదు. మిగతా తొమ్మిది సంఘాలు మార్చి మొదటి వారంలోగా తమ కాపరి ద్వారా కబురు పంపితే, ఏ రైతు దగ్గర ఎంత కొనాలో పట్టిక వేసుకుందాం. మా ఇంట్లో పాత ఇనుప కాటా ఉంది, బడి రోజుల్లో బియ్యం తూచినది. దాన్ని తూనికల శాఖ వారి చేత ముద్ర వేయించి ఉంచాను. తూకం రోజున ఏ ఊరికి రమ్మన్నా తీసుకుని వస్తాను.

ఇట్లు,
మీ సహోదరుడు,
ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు,
ఒంగోలు.